మా వీధిలో నెట్ తెగిన రోజు

మాది పులివెందుల. పెళ్ళయినాక కొన్నాళ్ళు బెంగళూరులో ఉన్నాము. మా ఆయనకు చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరకడంతో ప్రొద్దుటూరు వచ్చి బాడిగ ఇంట్లో దిగినాము. నా ఉద్యోగం మాత్రం బెంగళూరు కంపెనీలోనే. ఆసుపత్రి బిల్లులు సరిచూసి ఇన్సూరెన్సు వాళ్ళకు పంపే పని. ఇంటి నుంచే చేసుకోమన్నారు గానీ, పని జరిగినంతసేపూ నెట్ పోకూడదని ముందే గట్టిగా చెప్పినారు.

మా వీధి ఇరుకు. రెండు పక్కలా మిద్దెలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఇంట్లో మొబైల్ సిగ్నల్ నిలవదు. మిద్దెక్కితే మాట వినిపిస్తుంది, వీడియో మాత్రం బిగుసుకుపోతుంది. అందుకే వీధంతా ఒకే కంపెనీ వైరు వేయించుకున్నాము. వేరే కంపెనీల వైర్లు మెయిన్ రోడ్డు దాటి లోపలికి రాలేదు. ఆ సంగతి మా కంపెనీ వాళ్ళకూ తెలుసు.

మొదట్లో బాగానే నడిచింది. ఆ ఎండాకాలం నుంచి మొదలైంది గోల. పొద్దున బాగుండేది, నేను పనిలో కూర్చోగానే మోడెం మీద ఎర్ర లైటు వెలిగేది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని చివరకు ఎవరో హిందీలో మాట్లాడేవాళ్ళు. ఫిర్యాదు రాసుకున్నామనేవాళ్ళు. కాసేపటికి మీ సమస్య తీరిపోయిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చేది. మోడెం మీద ఎర్ర లైటు అట్లనే ఉండేది.

ప్రొద్దుటూరుకూ, జమ్మలమడుగుకూ, పులివెందులకూ కలిపి కంపెనీకి ఒకే మేనేజరు. ఈడ ఆఫీసుకు పోయి అడిగితే జమ్మలమడుగు పోయినాడనేవాళ్ళు. ఆయప్ప మా ఫోన్ ఎత్తిన ఒకే ఒకసారి "పులివెందులలో ఉన్నా, రేపు చూస్తా" అన్నాడు. ఆ రేపు రాలేదు.

బెంగళూరులో మా టీం లీడరు నెమ్మదస్తురాలు. ఆమె కూడా విసిగిపోయింది. "వచ్చే సోమవారం క్లయింటు వాళ్ళు ఆడిట్‌కు వస్తున్నారు. పదకొండు గంటలకు నీ స్క్రీన్ నువ్వే చూపించాలి. ఆరోజు కూడా పోయిందంటే నేను నీ తరఫున మాట్లాడలేను. బెంగళూరు వచ్చి ఆఫీసులో కూర్చోవాల్సి వస్తుంది," అనింది. మా పాపను అప్పుడే ఈడ బడిలో చేర్పించినాము. మా ఆయన షిఫ్టుల మనిషి. నేను బెంగళూరు పోతే ఇల్లు ఎట్ల నడుస్తుందో ఇద్దరికీ తోచలేదు.

మా ఎదురింట్లో ఒక ముస్లిం అక్క ఉండేది. చీరలకు ఫాల్స్ కుట్టేది, జాకెట్లకు చేతిపని చేసేది. ఆమె భర్త కువైట్‌లో లారీ డ్రైవరు. ఆ సోమవారానికి నాలుగైదు రోజుల ముందు ఆడ ఆయన లారీ ఇంకో బండికి గుద్దుకుంది. ఆసుపత్రిలో చేర్చినారని, భయం లేదని తోటి డ్రైవరు ఫోన్ చేసి చెప్పినాడు. మరుసటి రోజు ఆయనే మాట్లాడినాడు. గొంతు వేరే మాదిరి ఉందని అక్కకు అనుమానం.

"చిన్న దెబ్బేనంటాడు, వీడియో పెట్టమంటే పెట్టడు," అనింది నాతో. "ఆయన ఫోన్ బండిలోనే నలిగిపాయనంట. పక్క మంచం ఆయన ఫోన్ అడిగి మాట్లాడుతాండాడు. సోమవారం పొద్దున కట్టు విప్పుతారంట, అప్పుడు పెడతానన్నాడు. కండ్లారా చూస్తే గానీ నేను నమ్మను పాపా."

ఆదివారమంతా నెట్ బాగా నడిచింది. అది చూసి నాకు భయం ఎక్కువైంది.

సోమవారం తొమ్మిదింటికే కూర్చున్నాను. ఇన్వర్టర్ చూసుకున్నాను, తలుపు గడియ పెట్టుకున్నాను. పదిన్నర దాటినాక స్క్రీన్ మీద చక్రం తిరగడం మొదలైంది. తల తిప్పి చూస్తే ఎర్ర లైటు. ఆపి మళ్ళీ వేసినాను. వైరు పీకి మళ్ళీ పెట్టినాను. ఫోన్ తీసుకొని మిద్దెక్కితే సిగ్నల్ ఒక గీతే ఉంది. టీం లీడరుకు మెసేజ్ పెట్టినాను. అది పోయిందో లేదో కూడా తెలియలేదు.

కిందికి చూస్తే అక్క వాకిట్లో నిలబడి ఫోన్ పైకెత్తి పట్టుకొని ఉంది. నన్ను చూసి, "మీకూ పాయనా?" అని అడిగింది. తలూపినాను.

"ఫోన్ మోగింది పాపా. ఎత్తితే నలుపు. మాట కూడా రాల్యా. తెగిపాయ."

మా ఆయన పొద్దుటి షిఫ్టుకు పోయినాడు. నెట్ కంపెనీ లైన్‌మ్యాన్‌కు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. చెప్పులేసుకొని బయటికి వచ్చి, "పోదాం పా అక్కా, ఈ వైరు యాడ తెగిందో మనమే చూస్తాం," అన్నాను.

మా ఇంటి గోడ మీది నుంచి నల్ల వైరు ఒక మేకు నుంచి ఇంకో మేకుకు, కిటికీల పైగా, కరెంటు స్తంభం చుట్టూ తిరిగి పోతోంది. తల పైకెత్తుకొని దాని వెంబడే నడిచినాము. ఏమి వెతుకుతాండారని ఒక్కొక్క ఇంటి వాళ్ళూ అడిగినారు. చెప్పినాము. కొందరు మాతో పాటు నడిచినారు. ఆన్‌లైన్‌లో పరీక్ష రాస్తున్న కొడుకు లేచి ఏడుస్తున్నాడని ఒకామె, బంగారు అంగడికి ఆర్డర్లు పంపాల్సిన ఒకాయన, ఇట్ల వీధి మొదటికి చేరేసరికి చిన్న గుంపు అయినాము.

మూలమీది ఇంటి దగ్గర వైరు ఆగిపోయింది. ఆ ఇంటి మిద్దె మెట్ల మీది నుంచి వేలాడుతోంది. కొస నున్నగా ఉంది. కత్తితో కోసినట్టు తెలిసిపోతోంది.

ఆ ఇల్లు జమ్మలమడుగు వైపు పల్లె నుంచి వచ్చిన గొర్రెల వాళ్ళది. మందను పల్లెలో తమ్ముడికి అప్పగించి, పెరట్లో నాలుగు గొర్రెలు, ఒక బర్రె పెట్టుకొని ఉండేవాళ్ళు. ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. పక్కన కొడవలి ఉంది. వీధిలో అందరం ఆయన్ను మామా అనే పిలిచేవాళ్ళము.

"ఎవరు కోసినారు మామా?" అని అడిగినాను.

"నేనే."

బంగారు అంగడి ఆయన ముందుకు పోయి, "ఏంది నువ్వు చేసింది? వీధంతా ఆగిపాయ తెలుసునా నీకు?" అంటూ ఆయన భుజం పట్టుకున్నాడు. మామ లేచి నిలబడినాడు. మనిషి పొడుగు. కొడవలి చేతికి తీసుకోలేదు గానీ ఆయన కాలు దాని పక్కనే ఉంది. అందరం దాన్నే చూస్తున్నాము. పరీక్ష రాసే పిల్లోడి తల్లి పోలీసులను పిలుద్దామనింది. వెనక నుంచి ఎవరో, "పిలవడమెందుకు, ఈడనే తేల్చేస్తాం," అన్నారు.

"చెయ్యి తియ్యి," అన్నాడు మామ. "చెప్తా. తీసినాక చెప్తా."

అంగడి ఆయన చెయ్యి తియ్యలేదు. అక్క ఇద్దరి మధ్యలోకి పోయి నిలబడింది.

"అన్నా, తియ్యి. చెప్పనీ," అనింది. అంగడి ఆయన చెయ్యి తీసినాడు.

మామ లోపలికి చూసి భార్యను పిలిచినాడు. ఆమె గడప దాకా వచ్చింది. కుడి చేతికి మోచేతి నుంచి వేళ్ళ దాకా సిమెంటు కట్టు.

"నన్ను అడగకుండా నా మెట్ల మీద ఈ వైరు వేసినారు," అన్నాడు మామ. "ఎండకు సాగి కిందికి దిగింది. మీదికి కట్టండప్పా అని ఆఫీసుకు పోయి చెప్పినా. రాసుకున్నామనిరి. మళ్ళా పోతే సారు జమ్మలమడుగులో ఉండాడనిరి. ఆడికీ పోయినా. పులివెందులలో ఉండాడనిరి. మిద్దె మీద నుంచి గడ్డిమోపు దించుతాంటే ఈ వైరు ఆమె మెడకు తగులుకొని మెట్ల మీద నుంచి పడింది. మొన్న మళ్ళా పోయినా. సమస్య తీరిపాయ కదా, మెసేజ్ వచ్చింటుంది చూసుకో అనె ఆడున్న పాప. నాకు చదువు రాదు. ఏ మెసేజ్ వచ్చిందో నాకేం తెలుసు?"

నా కోపం పోలేదు. ఎదురుగా ఆమె చెయ్యి చూస్తున్నా, లోపల నా ఉద్యోగం పోతోందన్న మాటే తిరుగుతోంది. "ఒక్క మాట మాకు చెప్పింటే ఏమి మామా?" అన్నాను.

"ఆమె పడిన పొద్దు ఈ వీధిలోనే కదమ్మా ఆటోలో ఎక్కించినా," అన్నాడు. "ఎవరొచ్చి అడిగినారు?"

ఆరోజు నేను తలుపేసుకొని పని చేసుకుంటూ ఉండి ఉంటాను.

అక్క మాత్రం ఫోన్ చూసుకుంటూ ఉంది. "ఆయన మళ్ళా చేస్తాడో చేయడో," అని, తలెత్తి, "మామా, నువ్వూ రా. అందరం ఆ ఆఫీసుకే పోదాం. ఆడ నెట్ ఉంటుంది కదా," అనింది.

ఆఫీసు మెయిన్ రోడ్డు మీద, మందుల అంగడి పైన. మేము నడిచే పోయినాము. మామ భార్య కూడా వచ్చింది, కట్టు చేతిని ఇంకో చేత్తో పట్టుకొని. గదిలో ఒకే ఒక అమ్మాయి కూర్చొని ఉంది. మెట్ల మీద మా చప్పుడు విని లేచి నిలబడింది.

"సారు లేడు. పులివెందుల పోయినాడు," అనింది మేము అడగకముందే.

అంగడి ఆయన బల్ల మీద గట్టిగా కొట్టినాడు. ఆ అమ్మాయి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. ఆమెకూ మా మాదిరే ఆ మేనేజరు ఫోన్ ఎత్తడని నాకు అప్పుడు తెలియదు. తర్వాత తనే చెప్పింది.

అక్క ముందుకు పోయింది. "పాపా, మీ సారుతో నాకు పని ల్యా. నా మొగుడు కువైట్‌లో ఆసుపత్రిలో ఉండాడు. ఆయన్ను చూడాల. మీ వైఫై ఇస్తావా?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం మా అందరినీ చూసింది. చెయ్యి చాపి అక్క ఫోన్ తీసుకొని పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చింది.

అక్క ఫోన్ కలిపింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపింది. మూడోసారి ఎవరో కేరళ మనిషి ఎత్తి, ఫోన్ పక్కకు తిప్పినాడు. నేను అక్క భుజం వెనకాలే ఉన్నాను. బొమ్మ స్పష్టంగా వచ్చింది. ఎక్కడా ఆగలేదు. ఆయన ముఖం సగం వాచి ఉంది. ఎడమ కంటి మీద దూది పెట్టి ఉంది. దవడ మీద కుట్లు.

అక్క అరవలేదు. బల్ల అంచు పట్టుకొని, "కన్ను?" అని మాత్రం అడిగింది.

"ఉంది గానీ, చూపు వస్తుందో రాదో చెప్పలేమంటాండారు," అన్నాడు. "నువ్వు భయపడతావని చెప్పల్యా."

"చెప్పకపోతేనే భయం," అనింది అక్క. తర్వాత వాళ్ళు ఉర్దూలో మాట్లాడుకున్నారు. మేమంతా ఒక్కొక్కరే మెట్ల మీదికి వచ్చి నిలబడినాము. మామ భార్య లోపలే అక్క పక్కన కుర్చీలో కూర్చుంది, మంచి చేత్తో ఆమె వీపు రాస్తూ.

నా ఫోన్‌కు మెయిన్ రోడ్డు సిగ్నల్ దొరికి మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా పడినాయి. పన్నెండు దాటింది. ఆడిట్ నేను లేకుండానే అయిపోయింది. టీం లీడరు చివరి మెసేజ్‌లో, సాయంత్రం మాట్లాడదాం అని మాత్రమే ఉంది.

మేము అక్కడి నుంచి కదలలేదు. మేము పోవడం లేదని చూసి ఆఫీసు అమ్మాయి వేరే నంబరు నుంచి మేనేజరుకు చేసి ఫోన్ మామ చేతిలో పెట్టింది. "నేను వైరు కోసినోణ్ణి మాట్లాడుతాండా. నువ్వు వస్తావా, మేము పులివెందులకు రావాల్నా?" అన్నాడు మామ. మేనేజరు మధ్యాహ్నానికి వచ్చినాడు. పడిగాపులు పడిన మమ్మల్ని చూసి మొదట కేసు పెడతానన్నాడు. మామ భార్య కట్టు చెయ్యి బల్ల మీద పెట్టింది. ఆ మాట ఆయప్ప మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రానికి మనుషులు వచ్చి మామ మెట్ల మీది నుంచి వైరు తీసేసి, వీధి మొదట్లో కొత్త స్తంభం పాతి దాని మీద కట్టినారు. చేతి వైద్యానికి కంపెనీ ఏమీ ఇవ్వలేదు. వీధిలో వాళ్ళమే తలా కొంచెం వేసుకుంటామంటే మామ వద్దన్నాడు. అంగడి ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు.

సాయంత్రం టీం లీడరు ఫోన్ చేసింది. పై వాళ్ళు నన్ను బెంగళూరుకు రమ్మంటున్నారని, నిలకడైన నెట్ చూపిస్తే ఒక నెల గడువు ఇప్పించగలనని అనింది. మా వీధి నెట్‌ను అప్పుడే నమ్మలేక, పాపను మా ఆయన దగ్గర వదిలి పులివెందులలో మా చెల్లెలింట్లో ఆ నెలంతా పని చేసినాను. పాప రోజూ ఫోన్‌లో ఎప్పుడొస్తావని అడిగేది. నెల తిరిగినాక ప్రొద్దుటూరు వచ్చినాను. వైరు నిలబడింది, ఉద్యోగమూ నిలబడింది. అప్పుడప్పుడు నెట్ పోతూనే ఉంటుంది గానీ, ఫోన్ చేస్తే ఇప్పుడు ఎవరో ఒకరు వస్తారు.

అక్క భర్త చలికాలంలో తిరిగి వచ్చినాడు. ఎడమ కంటికి వెలుతురు మాత్రం తెలుస్తుందంట. లారీ తోలే పని ఇక కుదరదు. ఇప్పుడు అక్క కుట్టిన బట్టలు అంగళ్ళకు సైకిల్ మీద ఇచ్చి వస్తాడు. ఎడమ పక్క నుంచి బండి వస్తే కనపడదని, అక్క పొద్దున ఆయన్ను మెయిన్ రోడ్డు దాటించి వెనక్కి వస్తుంది.