పదీ పది

రాజ్యాలు కూలిన తేదీల మీద చరిత్రకారులకు ఇప్పటికీ తగాదాలున్నాయి. కుట్టు విభాగం సూపర్‌వైజరు టాయిలెట్‌కి వెళ్ళే వేళ మీద మాత్రం నలభై మిషన్ల మీద కుట్టేవాళ్ళలో ఏ ఒక్కరికీ భేదాభిప్రాయం లేదు. తొమ్మిదిన్నరకు రెండు కప్పుల టీ, పదీ పదికి ప్రయాణం. పదహారేళ్ళుగా నిమిషం తేడా రాలేదు. అందుకే ఆయన్ని అందరూ గడియారం అంటారు.

ఆయన కుర్చీ వెనక మేకుకి ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతుంటుంది. అది మెడలో ఉంటేనే టాయిలెట్‌కి వెళ్ళాలి. నలభై మందికీ ఒకటే బిళ్ళ. సూపర్‌వైజరుకి అక్కర్లేదు.

కాలర్లు కుట్టే పొడుగక్క ఒకరోజు బిళ్ళ కోసం గంటసేపు కాచుకుని, చివరికి స్టూలు మీదే తడిసిపోయింది. గడియారం మిషన్లన్నీ ఆపించి, ఆమె చేతికే గుడ్డ ఇచ్చి, అందరి ముందూ నేల తుడిపించాడు.

"ఒళ్ళు మన నౌకరమ్మా. మనసు గట్టిగా చెప్తే వినక చస్తుందా? నన్ను చూడు."

ఆ గొడవ విని వచ్చిన ఫ్యాక్టరీ నర్సు ఊరుకోలేదు. "కాసేపు బిగబట్టగలరు, అంతేనండీ. గుండె, పేగులు, చెమట, మూత్రాశయం, వీటి నరాల పెత్తనం వేరు. స్వయంచోదిత నాడీ వ్యవస్థ అంటారు. భయమేస్తే గుండెని పరిగెత్తించి నోరు ఎండగడుతుంది. కుదుటపడ్డాక అరుగుదల సంగతి చూస్తుంది. మిమ్మల్ని అడిగి చెయ్యదు."

"నా కిందవాళ్ళెవరూ నన్నడక్కుండా ఏదీ చెయ్యరు," అన్నాడు గడియారం.

ఆ వారమే యజమాని స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. మేనేజరు పదవి ఖాళీగా ఉంది. గడియారం కన్ను మొదటినుంచీ దాని మీదే.

చెప్పిన రోజున పదీ అయిదుకి యజమాని వచ్చి, గుండీల నాణ్యత మీద ప్రసంగం ఎత్తుకున్నారు. పదీ పది దాటింది. "ఒక్క నిమిషం సార్" అందామంటే గడియారం నోరు పిడచకట్టుకుపోయింది. చొక్కా వీపుకి అతుక్కుంది. గుండె మిషన్లతో పోటీపడింది. మనసు గట్టిగానే చెబుతోంది. వినే నాథుడు లేడు.

పదిన్నరకు యజమాని ఆయన భుజం మీద ఒక్కటి చరిచారు. "ఏమయ్యా, నువ్వేమంటావ్?"

లేత బూడిదరంగు ప్యాంటు జవాబు చెప్పింది.

ఈసారి ఎవరూ ఆపించకుండానే మిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి. యజమాని బూట్లు వెనక్కి లాక్కుని, చక్కా వెళ్ళిపోయారు. పొడుగక్క లేచి, గుడ్డ తెచ్చి గడియారం చేతిలో పెట్టింది.

"మనసు గట్టిగా చెప్పలేదా సార్?"

నలభై మంది చూస్తుండగా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తుడవసాగాడు.

మేనేజరు ఉద్యోగం ముందురోజే యజమానిగారి తోడల్లుడికి ఇచ్చేశారు.