తోక దెబ్బ

2005లో దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలోని ఒక రాళ్ల క్వారీలో నేను పొక్లెయిన్ ఆపరేటర్‌ని. క్యాంపు టీవీలో డైనోసార్ల సినిమా చూసినప్పటి నుంచీ నాకూ, కడప ఖాజాకూ భోజనాల దగ్గర రోజూ ఒకటే వాదన. సముద్రంలోంచి లేచే రాక్షసికీ డైనోసార్‌కీ పోరు పెడితే ఎవరు గెలుస్తారని! పెద్దాయన, నెల్లూరు మస్తాన్ భాయ్ మా తీర్పరి.

ఆ మధ్యాహ్నం ఆయన తీర్పు చెప్పకుండానే కునుకు తీయడానికి వెళ్లిపోయాడు.

"డైనోసార్ ఒక్కసారి కొరికితే నీ రాక్షసి ఖలాస్!" అన్నాడు ఖాజా.

నాకు ఒళ్లు మండింది. "రాక్షసి తోక దెబ్బ చూపిస్తా చూడు" అంటూ మిషన్ ఎక్కి గిర్రున తిప్పాను.

ఎండకు మిషన్ల నీడన పడుకోవడం మా అందరికీ అలవాటే. అది తెలిసీ వెనక్కి వెళ్లి చూడలేదు. ఇంజన్ చప్పుడుకు ఉలిక్కిపడి లేచిన మస్తాన్ భాయ్‌ని మిషన్ వెనుక భాగం రాతిగోడకేసి అదిమేసింది.

ఆస్పత్రిలో ఆయన కాలు తీసేశారు. పోలీసులు అడిగితే "గల్తీ నాదే సాబ్, నిద్రమత్తులో నేనే అడ్డం పోయినా" అన్నాడు. పక్కనే ఉన్న నేను నోరు విప్పలేదు.

కంపెనీ ఆయన్ని ఇంటికి పంపించేసే రోజు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పొద్దు తీర్పు చెప్పలేదు గదా అబ్బయా. ఆ రెంటికీ ఏమీ కాదు. కింద ఉండేవోళ్లే నలిగిపోతారు."

అప్పుడూ నేను నిజం చెప్పలేదు. చెప్పడం ఇదే మొదలు.