నీడలో పెట్టిన చెంప

చాలా రోజుల తరువాత పాత స్టూడియో లైటు వెలిగిస్తే, బల్బు మీది దుమ్ము కాలి ఒక వాసన వస్తుంది. మొన్న ఇందిరాపురంలోని మా ఇంట్లో ఆ వాసన రాగానే రాఘవయ్య గారు గుర్తొచ్చారు. ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఆయనకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఎనభైల మొదట్లో నేను పని నేర్చుకున్నది అక్కడే. చుట్టుపక్కల స్టూడియోల వాళ్ళు రెండు వైపులా లైట్లు గుమ్మరించి, ఎవరినైనా సున్నం కొట్టిన గోడలా చూపించేవారు. ఈయన మాత్రం ఒక పక్క నుంచి ఒక్క లైటే పెట్టేవారు. "నీడ లేకపోతే ముక్కెక్కడుందో ఎలా తెలుస్తుంది అమ్మాయ్?" అని నన్ను ఆటపట్టించేవారు.

ఒకరోజు ఎస్తేరు వచ్చింది. కాకినాడ దగ్గరి పిల్ల, ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. స్టవ్వు పేలి కుడి చెంప కాలింది. గాయం మానినా మచ్చ మిగిలింది. ఆ కబురు విన్నప్పటి నుంచి ఊళ్ళో వాళ్ళమ్మకు కంటి మీద కునుకు లేదట, ఫోటో పంపమని ఒకటే పోరట. "మచ్చ కనపడకుండా తియ్యండక్కా. చూస్తే అమ్మ తట్టుకోలేదు," అంది.

అదెంత పని అనుకున్నాను. లైటు ఎడమ పక్కన పెట్టి, కుడి చెంపను నీడలోకి నెట్టేశాను. అద్దంలో చూసుకుని ఎస్తేరు మురిసిపోయింది. రాఘవయ్య గారు వచ్చి కాసేపు చూశారు.

"భలే పెట్టావు. కానీ ఇది చూసేది వాళ్ళమ్మ కదా. ఈ చీకటి పక్కన ఏముందనుకుంటుంది?"

ఎస్తేరే మెల్లగా అంది: "కన్ను పోయిందనుకుంటాది అంకుల్."

"మచ్చ వైపు వెలుగు పెట్టి చూపించనా తల్లీ? నీకు నచ్చకపోతే మానేద్దాం."

ఆమె కళ్ళు తుడుచుకుని, "ఠీక్ హై అంకుల్," అంది. ఆయన లైటును కుడి వైపుకు, కాస్త ముందుకు జరిపి, దానికి అడ్డంగా పల్చని తెల్లగుడ్డ వేలాడదీశారు. మచ్చ కనిపించింది. దాని పైన చెక్కుచెదరని కన్నూ కనిపించింది. "కెమెరాను కాదమ్మా, మీ అమ్మను చూడు," అన్నారు. ఎస్తేరు చూసింది.

ఆ ఫోటో అందిన రోజు వాళ్ళమ్మ కడుపు నిండా తిని, తెల్లవార్లూ నిద్రపోయిందట. ఎస్తేరే వచ్చి చెప్పింది. రాఘవయ్య గారు పోయి చాలా కాలమైంది. నేటికీ ఎవరైనా నా ముందు కూర్చోగానే, ఈ ఫోటో ఎవరు చూడాలని అడుగుతాను. జవాబు విన్నాకే లైటు ముట్టుకుంటాను. "ఎవరూ లేరు, ఊరికే," అనేవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం, ఆయనైతే ఎటు పెట్టేవారా అని చాలాసేపు అలాగే నిలబడిపోతాను.