మూడు గుప్పెళ్ల ఉప్పు

మా జనార్దనరావు బాబాయికి మొండితనం కాస్త ఎక్కువ. నగరం మండలంలోని మా పొలాల్లో అందరం రొయ్యల చెరువులు తవ్వేసినా, ఆయనొక్కడే తన ఎకరంన్నరలో బాపట్ల సన్నాల వరి వేస్తూ వచ్చాడు. ఆ పొలాన్ని ఆనుకునే నా ఉప్పునీళ్ల చెరువు ఉంది.

కాలువ నీళ్లు వచ్చేదాకా ఆయన నారుమడికి బోరే ఆధారం. విత్తనం ఎంచడానికీ ఆ నీళ్లే. పది లీటర్ల బకెట్టులో కోడిగుడ్డు వేసి ఉప్పు కలుపుతూ పోతాడు. గుడ్డు తేలి రూపాయి బిళ్లంత పైకి కనబడాలి. అప్పుడు వడ్లు పోస్తే తాలు తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. ఎన్నో ఏళ్లుగా కిలో ప్యాకెట్టు మొత్తం కరిగితేగాని గుడ్డు తేలేది కాదు.

మొన్న జూన్‌లో, ఇంకా మూడు గుప్పెళ్లు ప్యాకెట్టులో ఉండగానే తేలింది.

“గుడ్డు పాతదై ఉంటుందిరా బాబీ,” అన్నాడు.

సరోజిని పిన్ని, కోడి అప్పుడే పెట్టిన గుడ్డు తెచ్చింది. అదీ తేలింది.

“ఈసారి కిలోకి ఎక్కువ తూచారేమోలే బాబాయ్,” అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. తాగడానికి కొన్న నీళ్ల డబ్బాలోంచి పది లీటర్లు వేరే బకెట్టులో పోసి, కొత్త ప్యాకెట్టు విప్పాడు. ఒక్కో గుప్పెడూ వేసి, కర్రతో తిప్పి, కరిగేదాకా ఆగాడు. ప్యాకెట్టు ఖాళీ అయ్యాకే గుడ్డు లేచింది.

ఇంక సాకులేమీ లేవు. ఆ మూడు గుప్పెళ్లూ బోరు నీళ్లలో ముందే కరిగి ఉన్నాయి. ఎక్కడినుంచి దిగాయో ఇద్దరికీ తెలుసు. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు.

“నా చెరువు ఎండగట్టేస్తాను బాబాయ్.”

“ఎండగడితే నీళ్లు పోతాయిరా. ఉప్పెక్కడికి పోద్ది?”

తిట్టినా బాగుండేది. తెనాలి కాలేజీలో కెమిస్ట్రీ చదివినవాణ్ణి. కరిగిన ఉప్పును నీళ్లలోంచి ఎలా తీయాలో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. భూమిలోంచి ఎలా తీయాలో నాకు తెలియదు.

పిన్ని మిగిలిన ఉప్పు పొట్లం కట్టి, “వంటకి పనికొస్తదిలే,” అంటూ లోపలికి పట్టుకెళ్లింది. బాబాయి వడ్లు పోసి, తేలిన తాలు తీసేసి, మునిగిన గింజల్ని డబ్బా నీళ్లతో మూడుసార్లు కడిగి, మొలకెత్తడానికి గోనెసంచిలో మూట కట్టాడు. ప్రతి ఏడూ చేసినట్టే, ఒక్క గింజ కూడా కింద పోనివ్వలేదు.

“ఎల్లుండికి మొలకొస్తదిరా,” అన్నాడు మూట మీద చెయ్యేసి. “దీనికి ఏ నీళ్లు పెట్టమంటావు?”