రాజవ్వ అడిగిన ప్రశ్న

కరోనా వార్డులు మూసేసిన మరుసటి ఏడాది. అప్పుడు నేను వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పాథాలజిస్టుని. అంటే రోగుల్ని కాదు, వాళ్ల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పరీక్షించే డాక్టర్ని. సర్జన్లు పంపిన ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో దిమ్మకట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద చూస్తాం. అక్కడ కనిపించిందే బయాప్సీ రిపోర్టు. మా గదికి రోగులు రావడం చాలా అరుదు.

రాజవ్వ వచ్చింది. నర్సంపేట దగ్గరి పల్లెలో పత్తి పండించే మనిషి, యాభై దాటాయి. రొమ్ములో గడ్డ ఉంటే మా సర్జన్ ఆపరేషన్ చేసి తీశారు. అది క్యాన్సర్ అని రిపోర్టు రాసింది నేనే. చంకలో ఉండే లింఫ్ నోడ్లకు, అంటే గింజల్లాంటి చిన్న గ్రంథులకు, కొన్నింటికి అప్పటికే పాకింది. అందుకని కీమోథెరపీ మొదలుపెట్టారు. అయితే అమ్మకు ఆ పేరు చెప్పొద్దని కొడుకు శ్రీను డాక్టర్లందరినీ బతిమాలుకున్నాడు. మొదటి కీమో అయ్యాక ఆమె ఇక రానని మొండికేసింది. ఎలాగో నచ్చజెప్పి తీసుకొచ్చాడు. అతను రక్తపరీక్ష వరుసలో నిలబడి ఉండగా ఆమె దారి కనుక్కుంటూ మా గదికి వచ్చేసింది.

“నా గడ్డను చూసింది నువ్వేనట గదా బిడ్డా. అండ్ల ఏమున్నదో చెప్పు.”

“మీ డాక్టరు గారు చెప్తారమ్మా” అన్నాను.

“ఆయన మా పోరన్ని అడుగుమంటాండు. మా పోరడేమో ఉత్త గడ్డే, ఫికర్ చెయ్యకంటాండు. ఉత్త గడ్డయితే తీసేసిండ్రు గదా, మల్ల ఈ సూదులెందుకు? నా పక్క మంచాల మీదున్నోళ్లందరికి క్యాన్సరే. నాకొక్కదానికే గడ్డనా?”

ఆమెను కూర్చోబెట్టి, వైద్యం చేస్తున్న క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన శ్రీనును వెంటబెట్టుకుని వచ్చారు. గదిలో తల్లిని చూడగానే శ్రీను ముఖం పాలిపోయింది.

“సార్, అమ్మ తట్టుకోదు. మా నాయిన గొంతు క్యాన్సర్‌తోనే పోయిండు. ఆ పేరు ఇంటే తిండి బంద్ చేస్తది.”

“మీ నాయినకు నీళ్లు తాపింది నేను,” అంది రాజవ్వ. “జర సార్‌ను చెప్పనియ్యి.”

డాక్టరు చెప్పారు. “ఆయనకొచ్చిందేనా?” అంది రాజవ్వ.

భయమంతా అక్కడే ఉందని అప్పుడు అర్థమైంది. క్యాన్సర్ అనేది ఒకే జబ్బు కాదు; ఎక్కడ పుట్టింది, ఎంత దూరం పాకింది, ఏ రకం అన్నదాన్ని బట్టి వైద్యం, ఫలితం మారిపోతాయి. ఆమె స్లైడ్ తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కుదురుగా ఉన్న మంచి కణాలనూ, పక్కనే నల్లగా, ఒకదానిమీదొకటి ఎక్కినట్టున్న వాటినీ చూపించాను. రెండో స్లైడ్‌లో అవి గోధుమరంగులో ఉన్నాయి. అది హార్మోన్ రిసెప్టర్ పరీక్ష.

“మీది ఆడవాళ్ల హార్మోన్‌తో పెరిగే రకమమ్మా. కీమో అయ్యాక దాన్ని అడ్డుకునే మాత్రలున్నాయి. గడ్డ తీసినా, కంటికి కనబడని కణాలు ఇంకెక్కడైనా మిగిలి ఉండొచ్చు. ఈ సూదులు వాటికోసం.”

“పోతదా?”

“పోయే అవకాశం బాగానే ఉంది. ఖాయంగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను” అన్నారు డాక్టరు.

“గీ ముచ్చట మొదలే చెప్తే నేనెందుకు రానంటుంటి?” అని కొడుకు వైపు తిరిగింది. “ఈయేడు పత్తి కూలోళ్లతోని ఏరిపియ్యి. నేను సూదులకు వస్త.”

శ్రీను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఆమె వెళ్లి అతని వీపు నిమిరింది.

రాజవ్వ కీమో, రేడియేషన్ రెండూ పూర్తి చేసింది. రోజూ మాత్ర వేసుకుంటోంది. ఇప్పటివరకు జబ్బు తిరగబెట్టలేదు.

రిపోర్టు అంటే ఒక డాక్టరు ఇంకో డాక్టరుకు చెప్పే మాట అనుకునేదాన్ని. కానీ మందు ఎక్కాలంటే రోగి చెయ్యి చాపాలి. తన జబ్బేమిటో తెలియని మనిషి ఎంతకాలమని చాపుతుంది? ఇప్పుడు వైద్యం చేసే డాక్టరు ఒప్పుకుంటే, రోగుల్ని మా గదికి పిలిచి వాళ్ల స్లైడ్ చూస్తారా అని అడుగుతున్నాను. చాలామంది వద్దనే అంటారు. చూస్తామన్నవాళ్లకు నా కుర్చీ ఇచ్చి పక్కన నిలబడతాను.