వెయిటింగ్ హాల్లో రక్తం మాట

తలసీమియా ఉన్న బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కించాల్సి రావడం కోడలి తప్పేనని ఒక అత్త నిండు వెయిటింగ్ హాల్లో తిట్టింది. ఊరంతా సాఫ్ట్‌వేర్ కొలువుల మోజులో ఊగిపోతున్న రోజుల్లో, సికింద్రాబాద్ స్టేషన్లో విన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"మా ఇంట్ల గిసుంటి రోగం లేదు. నీ రక్తమే ఖరాబ్!"

ఒళ్లో పాపతో కోడలు తల ఎత్తలేదు. మెడలో కంపెనీ కార్డు వేసుకున్న కొడుకు రైళ్ల బోర్డు చూస్తూ నిలబడ్డాడు.

నేను బడి మొహం చూడలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని చదువుకున్నవాణ్ణి. ఊరుకోలేకపోయాను.

"అమ్మా, ఒంట్లో ప్రతి ప్రొటీన్‌కూ ఒక రాత ఉంటుంది. కణం దాన్ని మూడేసి అక్షరాలు చదువుతూ పూసలు గుచ్చినట్టు గుచ్చుతుంది. ఒక్కోసారి ఒక్క అక్షరం మారినా 'ఆపు' అని చదివి, దండను సగంలో వదిలేస్తుంది. రక్తంలోని ప్రొటీన్‌కు అలా జరిగితే రక్తం చాలదు. ఆ రాత తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ చెడితేనే ఈ జబ్బు."

"నువ్వేమన్న డాక్టరువా, ముసలాయనా?" అందామె.

నేను కొడుకు వైపు తిరిగాను. "బాబూ, డాక్టర్ మీకేమీ చెప్పలేదా?"

అతను బోర్డు మీంచి చూపు తిప్పాడు.

"చెప్పిండు తాతా. ఇద్దరికీ టెస్ట్ చేసి, నాది సుత గట్లనే ఉందన్నడు. ఇంట్ల చెప్పనీకి నాకే ధైర్యం రాలే."