రోస్విటా చెయ్యెత్తింది

మాంసం కొట్టు రోస్విటా తన కూతురు చదివే బడిలో తల్లిదండ్రుల ప్రతినిధిగా నిలబడిందంటే అది సేవ చేద్దామని కాదు. పగ తీర్చుకుందామని.

జర్మనీలో నెకార్ నది ఒడ్డున చిన్న ఊరు మాది. ఏటా సెప్టెంబరులో ఒక సాయంత్రం అమ్మలూ నాన్నలూ పిల్లల బుల్లి కుర్చీల్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. "ప్రతినిధిగా ఎవరుంటారండీ?" అని టీచరు అడగ్గానే గదంతా గప్‌చుప్. ఒకాయన ఊడని బూటు లేసు ముడేసుకుంటాడు, ఒకావిడ సంచిలో లేని కళ్లజోడు వెతుకుతుంది. ఆ ఏడు మాత్రం ఆ ప్రశ్న పూర్తవకముందే రోస్విటా చెయ్యెత్తింది. బతికించావు తల్లీ అన్నట్టు అందరూ చప్పట్లు కొట్టారు. ఎండర్లే టీచరూ కొట్టింది పాపం, రాబోయేది తన మీదికేనని తెలియక.

రోస్విటాకు చిన్నప్పుడు చదువు చెప్పింది కూడా ఆ ఎండర్లే టీచరే. ఇక్కడ నాలుగో తరగతి అవగానే పిల్లల్ని విడదీస్తారు. కొందరు యూనివర్సిటీ దాకా తీసుకెళ్లే పెద్ద బడికి, మిగతావాళ్లు తొందరగా చదువు ముగించి పనిలో చేరే బడికి. ఎవరు ఎటన్నది చెప్పేది టీచరు. లెక్కల్లో క్లాసు మొత్తానికీ ముందుండే రోస్విటాను ఆవిడ పనిబడికి రాసింది. పశువుల డాక్టరు కావాలనుకున్న పిల్ల చివరికి తండ్రి ఓట్మార్ పక్కన నిలబడి పందుల్ని కోసింది. అప్పట్నుంచి టీచరు కొట్టుకొచ్చి "లివర్ సాసేజ్ కొంచెం ఇవ్వమ్మా" అన్నప్పుడల్లా రోస్విటా కడుపు రగిలిపోయేది. పైకి నవ్వుతూ తూచి ఇచ్చేది, లోపల పళ్లు నూరేది.

భర్త ఎప్పుడో విడిపోయాడు. ఇంట్లో తనూ, తండ్రీ, కూతురు యూడిట్. ఆ పిల్ల ఇప్పుడు నాలుగో తరగతి, మహా చురుకు. క్రిస్మస్ సెలవులయ్యాక టీచరు రోస్విటాను పిలిచి, "మీ అమ్మాయికి పెద్ద బడి ఎందుకులే, ఇంట్లో కొట్టుంది కదా" అంది. అంతే, రోస్విటా ఒళ్లు భగ్గుమంది. నన్ను మింగింది చాలక నా కూతుర్ని కూడానా!

ప్రతినిధికి మీటింగు పిలిచే హక్కుంది. పిలిచింది. ఈసారి గది కిటకిటలాడింది. మన పిల్ల ఎటు పోతుందోనన్న గుబులు ప్రతి ఇంట్లోనూ ఉంది మరి. టీచరు వచ్చి కూర్చుందో లేదో రోస్విటా లేచింది.

"టీచర్ గారూ, అందరి ముందూ ఒక్కటి అడుగుతాను. మా క్లాసులో లెక్కలు నాకంటే బాగా ఎవరు చేశారు? మరి నన్నెందుకు పాతేశారు? మాంసం కొట్టువాడి కూతురుననేగా! ఇప్పుడు నా కూతురికీ అదే గొయ్యి తవ్వుతున్నారు. ఇంకెంతమందికి తవ్వారో చెప్పండి, వింటాం!"

"బాగా అడిగావు" అన్నారు వెనక నుంచి ఎవరో. టీచరు మొహం పాలిపోయింది. అబ్బ, రోస్విటాకు ఎంత హాయిగా ఉందో! ఆ మొహం అలా చూడటానికే ఇన్నేళ్లూ ఎదురుచూసింది.

"ఇక్కడ వద్దు రోస్విటా. బయటికి రా, చెప్తాను" అంది టీచరు.

"ఇక్కడే చెప్పాలి. అందరూ వినాలి."

టీచరు లేచి నిలబడింది. "నిన్ను పెద్ద బడికే రాశానమ్మా. మీ నాన్న వచ్చాడు. మీ అమ్మ చనిపోయిన ఏడే కదా అది. కొట్లో తోడుకి మనిషి లేదు, మీరు రాసినా నేను పంపను అన్నాడు. కన్నతండ్రి మాట కాదనలేక మార్చాను. నాదీ తప్పే." ఇంకా నెమ్మదిగా అంది. "మొన్న క్రిస్మస్‌కి ముందు మళ్లీ వచ్చాడు, యూడిట్ గురించి. ఇంట్లో అందరి మాటా ఇదే అన్నాడు. నీ మాట కూడా అనుకున్నాను."

అందరూ వినాలని పట్టుబట్టింది రోస్విటానే, అందరూ విన్నారు. ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు.

"నా మాట కాదు" అంది రోస్విటా. "దాన్ని పెద్ద బడికి రాయండి."

"రాస్తాను. మార్కులున్నాయి" అంది టీచరు.

ఇంటికెళ్లేసరికి ఓట్మార్ రొట్టె, సాసేజ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. యూడిట్ మేడమీద ఉంది.

"నా చదువు ఆపమని బడికెళ్లింది నువ్వా నాన్నా?"

ఆయన బుకాయించలేదు. "నేనే. చదివితే వెళ్లిపోయేదానివే. మీ అమ్మా లేకపాయె. నేనొక్కణ్ణే ఏమైపోవాలి? అందుకేగా కొట్టు నీ పేరున రాసిచ్చాను! ఇంకేం చెయ్యమంటావు?"

"రాసిచ్చావు, మంచి పని చేశావు. అమ్మడానికి నా సంతకం ఒక్కటే చాలు."

కత్తి ఓట్మార్ చేతిలో ఆగిపోయింది. భార్యను పాతిపెట్టిన రోజు కూడా పొద్దున్నే కొట్టు తెరిచిన మనిషి. "మీ తాత పెట్టిన కొట్టే అది! నన్ను చంపెయ్యి, ఆ పని మాత్రం చెయ్యకే."

"రేపట్నుంచి తెరవను. కొన్నవాడికి తాళాలిచ్చేదాకా మూసే ఉంటుంది. పొద్దున్నే లేచి కింద కొట్లోకి దిగకు."

ఆయన కళ్లు నిండాయి. చూసింది, జాలి పడలేదు. ఆయన చేతిలోంచి కత్తి తీసుకుని, సాసేజ్ లావుగా ఒక ముక్క కోసి పళ్లెంలో పెట్టింది.

"తిను నాన్నా. మన కొట్టుది. ఇంక దొరకదు."